అప్పు నిద్ర, సొంత నిద్ర

ఈసారి పంట గురించి కాదు, నిద్ర గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

రచ్చబండ దగ్గర ఎవరిని కదిలించినా ఇదే మాట: "రాత్రంతా కన్ను మూతపడలేదు." ఒకరికి బోరు ఎండిందని దిగులు. ఒకరికి మిత్తి ఎట్లా కట్టాలా అని దిగులు. ఇంకొకరికి ఏ దిగులూ లేకున్నా రాత్రి రెండింటికే మెలకువ. దీనికి మనవాళ్లు వెతుక్కునే మందు రెండు చోట్ల దొరుకుతోంది: మెడికల్ షాపులో గోలీ, కొన్ని ఊళ్లలో మందు కలిపిన కల్లు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే, వాటి వైపు పోయే చెయ్యి కాస్త ఆగుతుందని ఈ చరిత్ర చెబుతున్నా.

ఎరువుల చరిత్రలో యుస్టస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీరు విని ఉంటారు. మొక్కకు ఏ పోషకం అన్నిటికన్నా తక్కువైతే దాన్ని బట్టే దిగుబడి వస్తుందనే సూత్రాన్ని లోకానికి చాటింది ఆయనే. ఆ లీబిగే 1832లో క్లోరల్ హైడ్రేట్ అనే రసాయనం తయారుచేశాడు. చాలా ఏళ్లు దాన్ని ఎవరూ మందుగా వాడలేదు. 1869లో బెర్లిన్‌లో ఆస్కర్ లీబ్రైక్ అనే ఆయన, ఇది మనిషిని నిద్రపుచ్చుతుందని చూపించాడు. అప్పటిదాకా నల్లమందు, సారా లాంటివే దిక్కు. కాబట్టి కొత్త మందు యూరప్, అమెరికాల్లో వేగంగా పాకింది. దానితో పాటే అలవాటు పడినవాళ్ల కథలూ మొదలయ్యాయి. మొదట కొంచెంతో నిద్ర పట్టేది, కొన్నాళ్లకు మోతాదు పెంచితే తప్ప పట్టేది కాదు.

1903లో వెరోనాల్ వచ్చింది. బార్బిట్యురేట్లు అనే జాతి మందుల్లో అది మొదటిది. వీటితో ఉన్న చిక్కేమిటంటే, నిద్రపట్టే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ దూరం చాలా తక్కువ. 1962లో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో చనిపోయినప్పుడు ఆమె ఒంట్లో దొరికింది ఒక బార్బిట్యురేట్, దానితో పాటు మన లీబిగ్ గారి క్లోరల్ హైడ్రేట్.

ఈలోగా 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే గోలీ అమ్మకానికి వచ్చింది. ఏ భయమూ లేకుండా వేసుకోవచ్చని ప్రచారం చేశారు. గర్భిణులు కూడా నిద్రకూ, వేవిళ్లకూ వేసుకున్నారు. 1961 చివర్లో దాన్ని ఆపేసేనాటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. చాలా దేశాల్లో కలిపి పదివేల మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు.

1963లో డయాజెపామ్, ఆ తర్వాత అల్ప్రాజోలామ్ వచ్చాయి. పాతవాటితో పోలిస్తే ఇవి ప్రాణం మీదకు తేవడం తక్కువే. డాక్టరు కొద్ది రోజులకు రాసిస్తే పనికొచ్చే మందులే. కానీ నెలల తరబడి వాడితే ఇవీ వదలవు.

ఇప్పుడు మన గడ్డ మీదకు వద్దాం. గీత కార్మికుడు చెట్టెక్కి దించిన కల్లు గురించి నేను మాట్లాడటం లేదు. చెట్లు తక్కువై, గిరాకీ ఎక్కువైన చోట నీళ్లలో శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలామ్ పోస్తున్నారు. బెర్లిన్‌లో నిద్రమందుగా మొదలైంది తెలంగాణ పల్లెలో కల్తీ కల్లుగా తేలింది. 2015లో దాడులు గట్టిగా జరిగి ఆ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది చేతులు వణుకుతూ, నిద్ర లేక, మతి తప్పి మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లలో చాలామంది రోజంతా కష్టం చేసి, రాత్రికి ఇంత నిద్ర కోసం తాగినవాళ్లే.

మందు పేరు మారినా లెక్క ఒక్కటే. షావుకారు దగ్గర తెచ్చిన అప్పులాగా ఈ రాత్రికి నిద్ర ఇస్తుంది, తర్వాత మిత్తితో వసూలు చేస్తుంది. ఒంటికి అలవాటయ్యాక మానేస్తే పోయిన నిద్ర రెట్టింపుగా పోతుంది. "ఇది లేకుంటే నాకు నిద్రే రాదు" అని మనిషి నమ్మేది అక్కడే.

ఇంకో దారి కూడా అదే కాలంలో తయారవుతూ వచ్చింది. 1938లో నథానియల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త, రిచర్డ్‌సన్ అనే కుర్రాడు అమెరికాలో సూర్యుడు కనపడని మామత్ గుహలో 32 రోజులు ఉన్నారు. రోజుకు 24 గంటలు కాదు, 28 గంటలు పెట్టుకుని బతికి చూశారు. కుర్రాడు అలవాటు పడ్డాడు. నలభై దాటిన క్లైట్‌మన్ ఒళ్లు మాత్రం పాత 24 గంటల లెక్కే పట్టుకుంది. ఒంట్లో గడియారం ఉందనడానికి అదొక గుర్తు. ఏళ్ల తరబడి త్రీఫేజ్ కరెంటు వంతుల మీద ఇచ్చి, ఒక వారం పగలు, ఒక వారం అర్ధరాత్రి మోటరు వేయించినప్పుడు మన నిద్ర ఎందుకు చెడిందో దీన్ని బట్టి అర్థం చేసుకోండి. అందులో రైతు తప్పేమీ లేదు.

1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. సాయంత్రం కాగానే ఎద్దు దాని గాటికి అదే పోయినట్టు, మన ఒళ్లు కూడా చోటును బట్టి అలవాటు పడుతుంది. మంచం మీద పడుకుని అప్పులు లెక్కబెట్టి, ఫోను చూసి, అటూ ఇటూ దొర్లితే, మంచమంటే మేలుకునే చోటని ఒళ్లు నేర్చుకుంటుంది. దాన్ని మళ్లీ ఇట్లా మలపాలి:

నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి అరుగు మీద కూర్చోవాలి. ఫోను ముట్టకూడదు. మళ్లీ కళ్లు మూతపడుతుంటేనే పడుకోవాలి. రాత్రి ఎంత పట్టినా, పట్టకపోయినా రోజూ ఒకే టైముకు లేవాలి. దారిన పడేదాకా పగటి కునుకు మానాలి. సాయంత్రం తర్వాత టీ వద్దు. మందు తాగితే ముందు నిద్ర పట్టినా తెల్లవారుజామున లేపుతుంది.

1987లో ఆర్థర్ స్పీల్‌మన్ దీనికి ఇంకొకటి చేర్చాడు. నిజంగా నిద్రపోయేది ఐదున్నర గంటలైతే, మంచం మీద ఎనిమిది గంటలు ఉండొద్దు. ఐదున్నర గంటలే ఉండాలి. నిద్ర గట్టిపడ్డాక కొద్దికొద్దిగా పెంచుకోవాలి. ఐదు గంటలకన్నా తగ్గించకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్లు, మనోవ్యాధికి మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఇది చేయొద్దు. మొదటి వారం పగలు కునికిపాట్లు వస్తాయి, ట్రాక్టరు జోలికి పోకండి.

ఇలాంటి పద్ధతులన్నీ కలిపిన చికిత్సనే పాతబడిన నిద్రలేమికి గోలీకన్నా ముందు మొదలుపెట్టాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి సిఫారసు చేసింది. పైసా ఖర్చు లేదు. కానీ ఒక్క రాత్రిలో ఫలితం రాదు, వారాలు పడుతుంది. విత్తిన మర్నాడే కోతకు పోం కదా.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. ఇప్పటికే రోజూ గోలీ మీదో, మందు కల్లు మీదో ఉన్నవాళ్లు ఒక్కసారిగా మానేయొద్దు, ఫిట్స్ రావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరును కలిస్తే మెల్లగా తగ్గిస్తారు. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు కూడా చూపించుకోవాలి. నిద్ర లేకపోవడంతో పాటు బతుకు మీద విరక్తి వస్తుంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఫీజు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఇంట్లో ఎవరైనా గోలీ మీద నిద్రపోతుంటే ఈ పోస్టు చదివి వినిపించండి. రాత్రి మోటరు తప్పనివాళ్లు పక్క చేను వాళ్లతో వంతులు మాట్లాడుకోండి. మిగతావాళ్లు రెండు వారాలు ఒకే టైముకు లేచి చూసి, ఏమైందో నాకు చెప్పండి.