లేక్ జెనీవా ఇంట పుట్టిన ఆట

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న పట్టణములో, 1972వ సంవత్సరాంతమున, గ్యారీ గైగాక్స్ అను గృహస్థు తన సంతానమైన ఎర్నీని, ఎలీసును ఎదుట కూర్చుండబెట్టుకొని, తాను కాగితముపై గీసిన పాడుకోట నేలమాళిగలోనికి మాటలతోనే వారిని నడిపించెను. పిల్లలు విషకీటకములతో పోరి, రాగినాణెములతో నిండిన పెట్టెను కనుగొని, అది మోయరాని బరువగుటచే ఎంతయు ఖిన్నులైరి. వారు నిద్రింపబోయిన పిమ్మట తండ్రి ఆ రాత్రియే రెండవ అంతస్తును గీయ నారంభించెను.

ఈ క్రీడకు పూర్వరంగము లేకపోలేదు. 1824 నాటికే ప్రష్యా సేనానులు పటములపై యుద్ధక్రీడ లాడుచుండిరి. మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ అను యువకుడు 1971 ప్రాంతమున, ఆటగాడు సైన్యమునకు బదులు ఒక్క వ్యక్తినే నడపు 'బ్లాక్‌మూర్' అను కల్పితసీమను సృజించి, దానిని గైగాక్స్ ఇంటికి తెచ్చి ఆడి చూపెను. ఆ ఇరువురి కృషియే 1974లో మూడు చిన్న పుస్తకముల పెట్టెగా, వేయి ప్రతులలో, 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర వెలువడెను. అయినను, యుద్ధక్రీడాభిమానుల గోష్ఠికన్న ముందు ఆ నేలమాళిగను త్రొక్కినవారు ఇంటి పిల్లలే యను విషయమును చరిత్రకారులు ఉపకథగా చెప్పి విడుచుట నాకు సమ్మతము కాదు.

ఏలయనగా, ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటి నాడీవైవిధ్యము గల కౌమారవయస్కులకు ఈ ఆట యెందుకు ఒదుగునో ఆ తొలి రాత్రి తీరులోనే తెలియుచున్నది. ఇందు ఎవరి వంతు ఎప్పుడో సందిగ్ధత తక్కువ. సాహసము ఫలించునో లేదో ఇరువది ముఖముల పాచిక తేల్చును. ఎదుటివాని ముఖకవళికలనుండి ఊహింపవలసిన దానిని ఆటను నడపు కథానిర్వాహకుడు నోటితో విప్పి చెప్పును. ఏమి మాటలాడవలెనో తోచని బాలునకు మాంత్రికుని పాత్ర మాటకు విషయమును సమకూర్చును. రాక్షసజాతుల లక్షణములను కంఠస్థము చేసిన పిల్లవాని ప్రజ్ఞ బడిలో విసుగు పుట్టింపవచ్చును గాని, ఈ బల్లయొద్ద అది అందరి ప్రాణములను కాపాడును.

ఇట్టి ఆటపై ఒక కాలమున ఘోరమైన భయము వ్యాపించెను. 1979లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున పదునారేండ్ల అసాధారణ మేధావి యొకడు అదృశ్యుడు కాగా, ఈ ఆట ఆడుచు భూగర్భమార్గములలో చిక్కుకొనెనని పత్రికలు వ్రాసినవి. అతని వేదనకు మూలములు ఒంటరితనము, మనోవ్యాకులత మున్నగునవి గాని ఆట కాదు. ఆ నిజము వెల్లడియగుటకు యేండ్లు పట్టెను. 1981లో ఈ ఉదంతము ప్రేరణగా రోనా జాఫ్ అను రచయిత్రి వ్రాసిన నవల, మరుసటియేట దానిపై తీసిన చలనచిత్రము ఆ భయమును ఇంటింటికి చేర్చినవి. బిడ్డచెంత కూర్చుండవలసిన పెద్దలు పుస్తకములను లాగికొనిరి. ఇది నాకు మిక్కిలి బాధాకరముగ తోచును.

1990ల చివరినుండి నాడీవైవిధ్య భావన ప్రచారమునకు వచ్చి, ఈ పిల్లల తీరును లోపముగ గాక భేదముగ చూచు దృష్టి బలపడెను. 2024లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన ఒక చిన్న అధ్యయనమున, ఆటిజం గల వయోజనులు ఈ ఆటలో తోటివారితో కలియుట సులభముగ నుండెనని తెలిపిరి. అందు పాల్గొన్నవారు పెద్దవారు, వారి సంఖ్యయు స్వల్పము. కావున దీనిని చికిత్సగా ప్రకటించుట తొందరపాటగును.

తలిదండ్రులకు నా విన్నపమొక్కటి: మొదటి కథను మీరు నడపినను, రెండవదానిని బిడ్డకు అప్పగింపుడు. నియమములు వానికే మీకంటె బాగుగ తెలిసియుండును, అడిగి నేర్చుకొనుడు.