కృష్ణా డెల్టాలో మా సైకిలు యాత్ర - 1968

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత రోజుల విశేషం ఏదైనా వ్రాయమని, వీలైతే అప్పటి ఫొటో ఒకటి జతచేయమని కార్యదర్శి గారు కోరారు. విశేషం వ్రాస్తున్నాను. ఫొటో మాత్రం లేదు. ఒకప్పుడు ఉండేది. అది నా దగ్గర ఎందుకు లేదో ఈ వ్యాసం చివర మనవి చేసుకుంటాను.

నేను ఎల్.డి.సి.గా 1966లో విజయవాడలో ఉద్యోగంలో చేరాను. అప్పటి గుమాస్తాకు సైకిలు ఉండడమంటే ఇప్పటి వారికి కారు ఉన్నట్టు. ప్రభుత్వం సైకిలు అడ్వాన్సు ఇచ్చి నెలనెలా జీతంలో కోసుకునేది. మునిసిపాలిటీకి రుసుము కట్టి రేకు బిళ్ళ తెచ్చుకుని బండికి బిగించుకోవాలి. చీకటి పడితే దీపం లేకుండా తొక్కకూడదు, ఇద్దరెక్కితే పోలీసు ఆపేవాడు. ఈ సంగతులు మన సభ్యులకు కొత్త కాదు. మనవలకు చెబితే మాత్రం నవ్వుతారు.

సైకిలు చరిత్ర ఏమంత పాతది కాదు. రెండు చక్రాలు సమానంగా ఉండి, వెనుక చక్రాన్ని చైను తిప్పే నేటి రూపాన్ని ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారు చేశాడు. గాలి నింపే టైరును డన్‌లప్ 1888లో తెచ్చాడు. మన బెజవాడ మునిసిపాలిటీ ఏర్పడింది కూడా ఆ 1888లోనే. తొలి రోజుల్లో బండ్లన్నీ సీమ నుంచి దిగుమతి అయ్యేవి. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కంపెనీలు వచ్చాయి. ఆ తరువాతే మా బోటి వారికి సైకిలు అందింది.

మా ఆఫీసులో హెడ్ గుమాస్తా గారు చదువరి. మేమంతా ఆయనను గురువు గారు అనేవాళ్ళం. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరారనీ, వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అనే ముగ్గురు 1928లో యాత్ర పూర్తి చేసి తిరిగి వచ్చారనీ ఆయనే ఒకరోజు టీ వేళ చెప్పారు. "వాళ్ళు భూగోళం చుట్టారు. మనం రోజూ కాలువల లెక్కలు వ్రాస్తున్నాం గాని, ఆ నీళ్ళు ఎక్కడిదాకా పోతున్నాయో ఒక్కరమైనా చూశామా?" అన్నారు. ఆ మాట అందరికీ తగిలింది.

అలా మొదలైంది మా ప్రయాణం. గురువు గారు, నేను, ఒక టైపిస్టు, ఒక డ్రాఫ్ట్స్‌మన్, ఒక ట్రేసరు, మా అటెండరు - మొత్తం ఆరుగురం. పంక్చరు వేయడంలో, చక్రం వంకర తీయడంలో అటెండరే మా అందరికీ గురువు. డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర ఒక ఆగ్ఫా క్లిక్ కెమేరా ఉండేది. సంక్రాంతి సెలవులకు క్యాజువల్ లీవులు కలుపుకున్నాం. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి, ముక్కనుమ నాడు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దగ్గర కలుసుకున్నాం.

అక్కడ నుంచే ఎందుకంటే, డెల్టా కథ అక్కడే మొదలవుతుంది. 1832-33లో వచ్చిన డొక్కల కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బ అయింది. కృష్ణ మీద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడడానికి ఆ కరువు ఒక కారణం. సర్ ఆర్థర్ కాటన్ దొర ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. సుమారు నూరేళ్ళు నిలిచిన ఆ ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1954-57 మధ్య 70 ఖానాలతో బ్యారేజీ కట్టి, ఆ 1957లోనే స్వర్గస్థులైన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అటు నుంచే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ చీలిపోతాయి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతోను, అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగ్‌హామ్ కాలువతోను కలుస్తాయి. అందువల్ల ఒకప్పుడు కాకినాడలో పడవ ఎక్కినవారు నీటి మీదనే మద్రాసు చేరగలిగేవారు. మేము వెళ్ళిననాటికి కూడా బందరు కాలువలో సరుకు పడవలు కనబడుతుండేవి.

మొదటి రోజు బందరు రోడ్డు. కానూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. కోతలు అయిపోయి కళ్ళాల్లో కుప్పలు, వరి కోసిన మడుల్లో పచ్చగా మినుము, పిల్లిపెసర. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. చెరకు గడ ఒకటి లాగబోయి టైపిస్టు బండి మీద నుంచి కాలువ గట్టున పడ్డాడు. దెబ్బ తగల్లేదు గాని ముందు చక్రం ఎనిమిది అంకె అయింది. అటెండరు దాన్ని తుమ్మచెట్టు సందులో పెట్టి నొక్కి, పుల్లలు బిగించి, అరగంటలో దారికి తెచ్చాడు.

పొద్దుగూకే వేళకు బందరు చేరాం. మర్నాడు ఉదయం ఊరు చూశాం. ఇంగ్లీషువారు 1611లోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. డచ్చివారు వారికంటే ముందే వచ్చారు. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గార్లు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల చూసి, మెట్లకు నమస్కరించాం. పట్టాభి గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్ళోనే. భట్లపెనుమర్రులో పుట్టి, ఆ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా అందించిన సంగతి అందరికీ తెలిసినదే.

తరువాత డచ్చివారి సమాధుల దగ్గరకు వెళ్ళాం. అక్కడ నిలబడి గురువు గారు 1864 ఉప్పెన గురించి చెప్పారు. ఆ ఏడు నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం ఊరి మీదకు వచ్చింది. బందరులోను, చుట్టుపక్కల పల్లెల్లోను సుమారు 30,000 మంది చనిపోయారు. అంతటి రేవు మళ్ళీ తేరుకోలేదు. మేము విన్నాం, అయ్యో అనుకున్నాం, బందరు లడ్డు కొనుక్కుని బండ్లు ఎక్కాం. నూరేళ్ళనాటి సంగతి గదా అనుకున్నాం. ఆ వయసు అటువంటిది.

ఆ సాయంత్రం ఘంటసాల. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు పేర్కొన్న రేవు ఇదేనని పండితుల మాట. బౌద్ధ స్తూపం దిబ్బ మీద కూర్చుని అటుకులు తిన్నాం. మూడవ రోజు చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ అక్విడక్టు దాటాం. కింద కృష్ణ పాయ, పైన కాలువ. నది మీద నది పోతున్నట్టు ఉంటుంది. మేము లెడ్జర్లలో అంకెలుగా వ్రాసే నీరు, నది దాటి దివిసీమలోకి పోవడం కళ్ళారా చూశాం. గురువు గారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

అవనిగడ్డ, కోడూరు దాటాక రోడ్డు సన్నబడి, చివరకు ఇసుక, ఉప్పునేల. బండ్లు నెట్టుకుంటూ హంసలదీవి చేరి వేణుగోపాలస్వామిని దర్శించుకున్నాం. మాఘ పౌర్ణమికి జనం సాగర సంగమ స్నానానికి వచ్చేది ఇక్కడికే. అక్కడ నుంచి ఇంకా ముందుకు పోయి, సముద్రం కనబడేసరికి చీకటి పడింది. రెండు బండ్లకు పంక్చర్లు. ముళ్ళు దిగి ట్యూబులు జల్లెడలయ్యాయి. సొల్యూషన్ అయిపోయింది.

గట్టున ఉన్న ఒక పల్లెలో ఒక ముసలి పెద్దాయన మమ్మల్ని చూసి, తన పాకలోకి పిలిచాడు. తాటాకుల పాక. ఇంట్లో వాళ్ళందరూ బయట పడుకుని మాకు లోపల చోటిచ్చారు. అన్నం, చేపల పులుసు పెట్టారు. చేపలు తినని గురువు గారికి ఆ ఇల్లాలు విడిగా కుండలో పప్పు వండింది. తెల్లారి పెద్దాయన కొడుకు మా ట్యూబులు భుజాన వేసుకుని, కోడూరు దాకా నడిచి వెళ్ళి బాగుచేయించి తెచ్చాడు. రానుపోను పదిహేను మైళ్ళు తక్కువ ఉండదు. అయిదు రూపాయలు ఇవ్వబోతే పెద్దాయన చేయి వెనక్కు తీసుకున్నాడు.

"డబ్బులెందుకు బాబూ. మీకాడ ఫొటో పెట్టె ఉంది గదా. మావోళ్ళందరిదీ ఓటి తియ్యండి. మా ఇంట్లో ఎవరిదీ ఫొటో లేదు" అన్నాడు.

డ్రాఫ్ట్స్‌మన్ తీశాడు. పాక ముందు పెద్దాయన, భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ పక్కన మా ఆరు సైకిళ్ళు. నెల లోపల తెచ్చి ఇస్తానని నేను మాట ఇచ్చాను. నేనే ఎందుకంటే, అందరిలో చిన్నవాణ్ణి, ఉత్సాహం నాకే ఎక్కువ.

తిరుగు ప్రయాణం నాలుగో రోజు మధ్యాహ్నం. ఆ రాత్రి ఎంత పొద్దుపోయినా శ్రీకాకుళం చేరాం. కళింగ యాత్రలో శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నది ఈ ఊళ్ళోనే. ఆ కావ్యమే ఆముక్తమాల్యద. అయిదో రోజు కరకట్ట మీదుగా తోట్లవల్లూరు దాటి, దుమ్ము కొట్టుకుని ఇంటికి వచ్చాం. మొత్తం నూట అరవై మైళ్ళ వరకు తొక్కి ఉంటాం.

ఫొటో కడిగించాం. బాగా వచ్చింది. ఎవరికి ఇచ్చి పంపాలి? పోస్టులో వేద్దామంటే పెద్దాయన ఇంటిపేరు కూడా అడగలేదు. సెలవు దొరికినప్పుడు నేనే వెళదామనుకున్నాను. పెళ్ళి అయింది, పిల్లలు, బదిలీలు. ఫొటో ట్రంకు పెట్టెలో కవరులో ఉంది. తీసినప్పుడల్లా వచ్చే నెల అనుకునేవాణ్ణి. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన సంగతి ఈ జిల్లావారికి నేను వర్ణించనక్కరలేదు. తాటిచెట్టు ఎత్తున నీళ్ళు వచ్చాయన్నారు. చనిపోయినవారు ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేలు దాటారు. సహాయ కార్యక్రమాలకు ఉద్యోగులను డ్యూటీ వేశారు. నన్నూ వేశారు. బయలుదేరే ముందు ట్రంకు పెట్టె తెరిచి ఆ కవరు జేబులో పెట్టుకున్నాను.

హంసలదీవి అవతలకు వెళ్ళగలిగిన రోజున ఆ పల్లె కోసం చూశాను. పల్లె లేదు. పాకల గుంజలు కూడా లేవు. తుమ్మచెట్లకు వలలు, గుడ్డలు చిక్కుకుని ఉన్నాయి. ఇక్కడే అని గుర్తుపట్టడానికి ఆనవాలు లేదు. బందరు సమాధుల దగ్గర గురువు గారు చెబుతుంటే లడ్డు కొనుక్కుని వెళ్ళిపోయిన రోజు అప్పుడు గుర్తుకు వచ్చింది. అదే నవంబరు, అదే సముద్రం.

అవనిగడ్డ శిబిరంలో బియ్యం పంచుతూ ఆ తీరపు వాళ్ళు కనబడితే ఫొటో చూపించేవాణ్ణి. నాలుగో రోజున ఒకామె దాన్ని అందుకుని కూలబడిపోయింది. ఫొటోలో ఉన్న కోడలు ఆమే. మూడో కానుపుకు పుట్టింటికి పోయి బతికింది. ఫొటోలో ఉన్న మిగతా అయిదుగురూ పోయారు.

చాలాసేపటికి, "అప్పుడే ఇచ్చుంటే మామ సూసుకునేవోడు బాబూ. ఏ పండక్కైనా మీ మాటే. ఫొటో బాబులు రాలేదే అనేవోడు" అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

తరువాత, "ఇది నాకిచ్చెయ్యండి. నా పిల్లల మొకాలు ఇంకెక్కడా లేవు" అంది. ఇచ్చేశాను. నెగెటివ్ ఎప్పుడో పోయింది. కార్యదర్శి గారూ, ఫొటో లేకపోవడానికి కారణం ఇదీ.

ఆ తరువాత తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. పక్కా ఇళ్ళు వచ్చాయి. అవనిగడ్డ దగ్గర నీళ్ళు ఎంతవరకు వచ్చాయో తెలిపే స్మారకం ఉంది. 2022లో జిల్లా విడిపోయి విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది గాని, నీళ్ళు మాత్రం నేటికీ ఆ బ్యారేజీ నుంచే దివిసీమకు పోతున్నాయి. మా ఆరుగురిలో ఇప్పుడు మిగిలింది అటెండరు, నేను. ఆయనకు మోకాళ్ళ నొప్పి, నాకు చూపు తక్కువ. ఇద్దరం కలిసినప్పుడు ఎనిమిది అంకె అయిన చక్రం గురించి నవ్వుకుంటాం. ఫొటో మాట ఇద్దరమూ ఎత్తం.

సోదర పెన్షనర్లకు ఒక్క మనవి. మనందరి ట్రంకు పెట్టెల్లోను ఎవరికో ఇవ్వవలసిన కాగితమో, ఫొటోనో, పుస్తకమో ఉండే ఉంటుంది. కాళ్ళు ఆడుతుండగానే వెళ్ళి ఇచ్చి రండి. మనవణ్ణి తోడు తీసుకుపోండి. దారి పొడవునా ఆ కాలువల కథ వాడికి చెప్పండి.