రిజిస్టరులో లేని గడి

1976లో బారీ స్టా అనే అమెరికన్ పరిశోధకుడు బిజినెస్ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. ఒక కంపెనీలో రెండు విభాగాలున్నాయి, పరిశోధన నిధులు ఏదో ఒకదానికి ఇవ్వమన్నాడు. తర్వాత, మీరు ఎంచుకున్న విభాగం నష్టపోయిందని చెప్పి మళ్ళీ డబ్బు పంచమన్నాడు. మొదటి నిర్ణయం తామే చేసినవాళ్ళు నష్టం వచ్చిన చోటే ఎక్కువ పోశారు. ఇంకెవరో చేసిన నిర్ణయాన్ని అందుకున్నవాళ్ళు అంతగా పోయలేదు. తన నిర్ణయం తప్పని తేలుతున్నకొద్దీ దాన్నే గట్టిగా పట్టుకుంటాడు మనిషి. సంస్థలూ అంతే. మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీనికి ఉదాహరణలు చాలావరకు విమానాలు, విద్యుత్ కేంద్రాలు, యుద్ధాలు.

ఆ 1976 మనకు ఇంకో కారణంగా గుర్తు.

కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా మన దేశం 1952లోనే మొదలుపెట్టింది. మొదట్లో క్లినిక్‌లు తెరిచి జనం కోసం ఎదురుచూశారు. జనం పెద్దగా రాలేదు. 1965లో లూప్ వచ్చింది. చవక, ఒకసారి వేస్తే చాలు, ఆడమనిషి రోజూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 1966 నుంచి ఏ పద్ధతిలో ఎన్ని కేసులు తేవాలో పైనుంచి లక్ష్యాలు దిగడం మొదలైంది. లూప్ వేసినందుకు రిజిస్టరులో గడి ఉంది. వేసిన నెలకి ఆవిడకి రక్తస్రావం ఆగకపోతే ఎవరు చూశారో రాయడానికి గడి లేదు. రెండేళ్ళు తిరిగేసరికి అంకెలు పడిపోయాయి. పుకార్లన్నారు, పల్లెటూరి ఆడవాళ్ళ అజ్ఞానమన్నారు. ఒకరికొకరు చెప్పుకుని మానేసిన ఆ ఆడవాళ్ళ అనుభవాన్ని సమాచారంగా తీసుకోవాలని కార్యక్రమానికి తోచలేదు. పద్ధతి మార్చారు, లక్ష్యం అలాగే ఉంచారు.

వేసెక్టమీ వంతు వచ్చింది. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒకే నెలలో 63 వేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. తిరునాళ్ళ వాతావరణం, నగదు, కానుకలు. ఆ ఒక్క జిల్లా దేశమంతటికీ నమూనా అయింది. అక్కడున్న అక్షరాస్యత, ఆస్పత్రులు, రోడ్లు నమూనాలోకి రాలేదు. శిబిరం మాత్రం వచ్చింది. గెలిచిన చోటును చూసి నేర్చుకునేటప్పుడు మనకు కావలసిందే చూస్తామనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1974లో బుఖారెస్ట్ జనాభా సదస్సులో అభివృద్ధే అన్నిటికన్నా మంచి గర్భనిరోధకమన్న వాదం మన ప్రతినిధి బృందానిది. దానికి నాయకుడు కరణ్ సింగ్. ఎమర్జెన్సీ మధ్యలో 1976 ఏప్రిల్‌లో, విద్యా ఆర్థికాభివృద్ధి వచ్చేదాకా ఆగలేమని జాతీయ జనాభా విధానం ప్రకటించిందీ ఆయనే. ఆ ఏడాది లక్ష్యం 43 లక్షల ఆపరేషన్లు, జరిగినవి దాదాపు 82 లక్షలు. కేసులు తేలేని టీచర్లకు జీతాలు ఆగాయి. లక్ష్యం దాటిన రాష్ట్రాన్ని చూసి పక్క రాష్ట్రం తన లక్ష్యం తనే పెంచుకుంది. తర్వాత షా కమిషన్ ముందుకొచ్చిన లెక్కల్లో ఆపరేషన్లకు సంబంధించిన మరణాలు 1,774. పెళ్ళికాని వాళ్ళకి చేశారన్న ఫిర్యాదులు 548.

ఆ 82 లక్షల్లో 62 లక్షలు మగవాళ్ళవి. 1977లో ప్రభుత్వం ఓడిపోయింది. మరుసటి ఏడాది మొత్తం ఆపరేషన్లు పది లక్షల లోపుకి పడిపోయాయి, అందులో మగవాళ్ళు అయిదో వంతు మాత్రమే. శాఖ పేరులో ‘నియంత్రణ’ పోయి ‘సంక్షేమం’ వచ్చింది. సాధారణంగా చరిత్ర ఇక్కడ ఆపేసి, ప్రజాస్వామ్యం తప్పు దిద్దిందని చెప్తారు. నేను ఒప్పుకోను. కార్యక్రమం ఆగలేదు, మంచం మీద మనిషి మారింది. మగవాడి కోపం ఓటుగా మారుతుందని తెలిశాక, ఎవరి కోపం లెక్కలోకి రాదో వాళ్ళ వైపు తిరిగింది. ట్యూబెక్టమీ, దాని వెనకే లాపరోస్కోపు. స్టా ప్రయోగంలో నష్టం వచ్చింది కంపెనీ డబ్బుకి. ఇక్కడ పట్టుదల శాఖది, పెట్టుబడి ఇంకొకరి కడుపు. పోయేది తనది కానప్పుడు ఆపాలని ఎవరికనిపిస్తుంది?

శాఖ అన్నానుగాని, అందులో చివరి మెట్టు మీద ఉన్న ఏ.ఎన్.ఎం. కూడా ఆడదే. కేసులు తేకపోతే మాటలు పడేదీ, బదిలీకి భయపడేదీ ఆమే.

మన దగ్గర ఈ కథ అంత తేలిక కాదు. ఆంధ్రదేశంలో చాలామంది ఆడవాళ్ళు ఇద్దరు పిల్లలు కాగానే తామే అడిగి ఆపరేషన్ చేయించుకున్నారు. మళ్ళీ మళ్ళీ కానుపుల నుంచి బయటపడ్డామన్న వాళ్ళ ఊరటని బలవంతం అనే మాటతో కొట్టిపారేయలేం. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆధునిక పద్ధతులు వాడే వివాహితులు దాదాపు 71 శాతం. అందులో 70 ఆడవాళ్ళ ఆపరేషన్లే. అంగట్లో ఒకటే సరుకున్నప్పుడు కొనుక్కోవడాన్ని ఎంపిక అనాలా? దేశం మొత్తంలో మగవాళ్ళ ఆపరేషన్లు 0.3 శాతం.

ప్రశ్నించినవాళ్ళు లేకపోలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాల్లోకి ఆడవాళ్ళని అదేమిటో సరిగా చెప్పకుండా చేర్చుకుంటుంటే హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది. 1986లో సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్ళింది.

1996లో కేంద్రం లక్ష్యాలు రద్దు చేసింది. కాగితం మీద ఆ మాట పోయి, సాధించాల్సిన ‘అంచనా స్థాయి’ వచ్చింది. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర, మూతపడిన ఆస్పత్రిలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకి ఆపరేషన్లు చేశాడు. ఆ శిబిరాల్లో చేయించుకున్నవాళ్ళలో 13 మంది చనిపోయారు. ఎక్కువ ఆపరేషన్లు చేసినందుకు అదే ఏడాది మొదట్లో ఆ సర్జన్ ప్రభుత్వ సత్కారం అందుకున్నాడు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ళలో శిబిరాలు మానేయమంది.

1994 పంచాయతీరాజ్ చట్టం స్థానిక సంస్థల్లో ఆడవాళ్ళకి మూడో వంతు సీట్లిచ్చింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హత అన్నదీ అదే చట్టం. ఎంతమందిని కనాలో తన చేతిలో లేని మనిషి చేతికొచ్చిన కుర్చీ అలా పోగొట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను 2024 నవంబరులో తీసేసింది. అంతకు నెల ముందు ముఖ్యమంత్రి, జనాభాలో ముసలివాళ్ళ వాటా పెరుగుతోంది, పిల్లల్ని ఎక్కువ కనాలని పిలుపిచ్చారు. ఇద్దరి కంటే ఎక్కువ మంది ఉన్నవాళ్ళే పోటీకి అర్హులనేలా చట్టం తేవాలని కూడా ఆలోచిస్తున్నామన్నారు.