తుపాకీ మర విప్పడానికి పుట్టిన చాకు

1889లో స్విట్జర్లాండ్ సైన్యం చేతికి ష్మిట్-రూబిన్ అనే కొత్త రైఫిల్ వచ్చింది. దాన్ని విప్పి శుభ్రం చేసుకోవాలంటే ప్రతి సిపాయి దగ్గరా స్క్రూడ్రైవర్ ఉండాలి. తిండి రేకు డబ్బాల్లోకి చేరింది కాబట్టి మూత కోసేది ఒకటి కావాలి. తోలు పట్టీకి బెజ్జం పెట్టుకోవడానికి ఆరె, రొట్టె కోసుకోవడానికి చాకు సరేసరి. వీటిని విడివిడిగా మోయించే బదులు అన్నిటినీ ఒకే పిడిలోకి మడిచేయమంది సైన్యం. 1890 మోడల్ సైనిక చాకు అలా వచ్చింది. ముదురు రంగు ఓక్ చెక్క పిడి, అందులో సరిగ్గా ఆ నాలుగు పనిముట్లు. అదనంగా ఒక్కటీ లేదు.

ఇవాళ 33 పనులు చేస్తుందంటూ అమ్మే చాకుల ముందు నిలబడి, రోజూ జేబులో వేసుకోవడానికి ఏది కొనాలో తేల్చుకోలేని వారికి ఆ పొదుపే మొదటి పాఠం.

ముందూ ఉన్నదే

పనిముట్లన్నీ ఒక పిడిలో పెట్టుకోవడం స్విస్‌వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో 3వ శతాబ్దం నాటి రోమన్ వస్తువు ఒకటుంది. వెండి పిడి, అందులోంచి బయటికి మడత విప్పుకునే చెంచా, ఫోర్కు, ఇనుప చాకు, ముల్లు, పుల్ల. వెండితో చేయించుకున్నాడంటే కలిగినవాడే అయ్యుండాలి. అలాంటి సోకు వస్తువును మామూలు సిపాయి జేబులోకి తెచ్చింది మాత్రం స్విస్ సైన్యమే.

ఎల్సెనర్ పట్టుదల

కార్ల్ ఎల్సెనర్ టోపీలు చేసేవాళ్లింట 1860లో పుట్టాడు. చాకుల పని నేర్చుకుని, పారిస్‌లోనూ జర్మనీలోని టుట్లింగెన్‌లోనూ పనిచేసి వచ్చి, 1884లో ష్విజ్ ప్రాంతంలోని ఈబాఖ్‌లో సొంత కార్ఖానా పెట్టాడు. సైన్యం మొదటి విడతకు అడిగిన 15,000 చాకులు చేసే తాహతు దేశంలో ఎవరికీ లేక ఆర్డరు జర్మనీలోని సోలింగెన్‌కు పోయింది. మన సిపాయికి చాకు పక్క దేశం నుంచి రావడమేమిటని ఎల్సెనర్ తోటి పనివాళ్లను కూడగట్టి సంఘం పెట్టాడు. 1891 అక్టోబరులో స్వదేశీ చాకులు సైన్యానికి అందాయి.

అందాయిగానీ గిట్టుబాటు కాలేదు. సోలింగెన్ ఫ్యాక్టరీల ధరకు వీళ్లు తూగలేకపోయారు. సంఘంలోని వాళ్లు తప్పుకున్నారు. ఎల్సెనర్ ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. బంధువులు ఆదుకోకపోతే కార్ఖానా మూతపడేదే.

సైనిక చాకు గట్టిదే, కానీ బరువు. దాన్ని తేలిక చేసి, అధికారులు వాడుకునే చాకుగా 1897 జూన్ 12న రిజిస్టర్ చేయించాడు. కిటుకంతా స్ప్రింగులో ఉంది. మడత చాకు వీపు వెంబడి ఒక ఉక్కు బద్ద ఉంటుంది. బ్లేడు మీది గాటులో గోరు పెట్టి లాగితే ముందు కాస్త మొరాయిస్తుంది, కొంత దూరం వచ్చాక టక్కున నిలబడుతుంది. బ్లేడు మొదలు ఆ బద్దను నొక్కడం వల్ల వచ్చే బిగువే అది. ఎల్సెనర్ అదే బద్ద చేత రెండు వైపులా పని చేయించాడు. ఒకవైపు బ్లేడ్లు, రెండోవైపు ఆరె, కార్క్‌స్క్రూ. మందం పెద్దగా పెరగకుండానే నాలుగు పనిముట్లు ఆరయ్యాయి.

కొత్తగా చేరినవి చిన్న బ్లేడు, వైను సీసా బిరడా లాగే కార్క్‌స్క్రూ. సైన్యం ఈ చాకును అధికారికంగా తీసుకోలేదు. బిరడా తీయడం యుద్ధావసరం కాదు కదా! అధికారులు మాత్రం సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నారు.

1909లో తల్లి విక్టోరియా చనిపోయాక ఎల్సెనర్ ఆమె పేరే చాకులకు పెట్టాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వచ్చాక అది విక్టోరినాక్స్ అయింది. జురా ప్రాంతపు వెంగర్ కంపెనీతో సైన్యం ఆర్డర్లను చెరిసగం పంచుకుంటూ సాగి, 2005లో ఆ పోటీదారునే కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ సైనికులు ఎగబడి కొనుక్కుని ఇళ్లకు పట్టుకెళ్లడంతో ‘స్విస్ ఆర్మీ నైఫ్’ ప్రపంచమంతా తెలిసింది.

అంతరిక్షానికీ వెళ్లింది. 1995 నవంబరులో అట్లాంటిస్ షటిల్ రష్యా కేంద్రం ‘మీర్’ చేరుకున్నాక తలుపు తెరవబోతే, ఇంజినీర్లు దాన్ని ముందే పట్టీలతో బిగించి కట్టేసి పంపారని తేలింది. కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ స్విస్ చాకు తీసి వాటిని కోసి దారి చేశాడు. అంత ఖరీదైన ప్రయాణంలో పనికొచ్చింది మామూలు బ్లేడే.

పట్టకారు కోసం 8 ఏళ్లు

1975లో టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ ఇంజినీరు పాత ఫియట్ కారులో యూరప్, పశ్చిమాసియా తిరిగాడు. కారు మాటిమాటికీ ఆగేది, బస చేసిన చోట నీటి గొట్టాలు కారేవి. జేబులో స్కౌటు చాకు ఉంది. దాంతో కోయగలడు గానీ నట్టును పట్టుకోలేడు. ఇంటికెళ్లి పట్టకారు చుట్టూ చాకును అల్లడం మొదలుపెట్టాడు. చాకుల కంపెనీలు ఇది చాకు కాదన్నాయి, పనిముట్ల కంపెనీలు ఇది పనిముట్టు కాదన్నాయి. మిత్రుడు స్టీవ్ బెర్లినర్‌తో కలిసి 1983లో తనే అమ్మకం మొదలుపెట్టాడు. ఇప్పుడు మల్టీటూల్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆ ఆకారమే.

మరి ఏది కొనాలి?

ఈ చరిత్రలో ఏ పనిముట్టూ దుకాణదారు సరదాకు పుట్టలేదు. మర ఉంది కాబట్టి స్క్రూడ్రైవర్, బిరడా ఉంది కాబట్టి కార్క్‌స్క్రూ, కారే గొట్టం ఉంది కాబట్టి పట్టకారు. కొనేవాళ్లు కూడా తమ పని నుంచే మొదలుపెట్టాలి.

పాల ప్యాకెట్లు, కొరియర్ పార్సిళ్లు, పుల్లగోరు ఇవే మీ పనులైతే 58 మిల్లీమీటర్ల క్లాసిక్ చాలు. చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, చిమటా, పళ్లు కుట్టుకునే పుల్ల ఉంటాయి. తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు. ఇంట్లో స్విచ్ బోర్డులు, కుర్చీల మరలు మీరే బిగించుకునేవారైతే 91 మిల్లీమీటర్ల టింకర్ మేలు. అందులో కార్క్‌స్క్రూ స్థానంలో నక్షత్రపు మూతి స్క్రూడ్రైవర్ ఉంటుంది. మోటారు సైకిలు మీద దూరాలు పోయేవారికి, కరెంటు పనివారికి పట్టకారు ఉన్న లెదర్‌మన్ రకమే సరైనది. బరువు పావుకిలోకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని జేబులో కన్నా బెల్టుకు పెట్టుకోవడం నయం. 33 పనుల స్విస్‌చాంప్ 185 గ్రాములు, మందం 33 మిల్లీమీటర్లు. బల్ల సొరుగులో ఉంచుకోవడానికి ముచ్చటైనదే, చొక్కా జేబుకు మాత్రం శిక్ష.

తాళం పడే బ్లేడా, పడనిదా అన్నదీ చూసుకోవాలి. తాళం లేని చాకు మొనతో గట్టిగా పొడిస్తే బ్లేడు వేళ్ల మీదికే మడుచుకుంటుంది. అలాగని తాళం ఉన్నది అన్ని దేశాల్లోనూ చెల్లదు. బ్రిటన్‌లో కారణం చెప్పక్కర్లేకుండా దగ్గర పెట్టుకోగలిగింది తాళం లేని, 3 అంగుళాలు మించని మడత చాకే. అక్కడి మన పిల్లలకు పంపేవారు ఇది గమనించాలి. విమానంలో ఏ చాకుకైనా చోటు చెకిన్ పెట్టెలోనే.

2001 సెప్టెంబరు 11 తర్వాత విమానాశ్రయాల్లో చాకులు నిషేధించినప్పుడు విక్టోరినాక్స్ అమ్మకాలు కుప్పకూలాయి. అయినా ఎవరినీ ఉద్యోగం నుంచి తీయలేదు. పని లేని కార్మికులను కొంతకాలం చుట్టుపక్కల కంపెనీలకు పంపింది. 2024లో అదే కంపెనీ, చాకుల మీద ఆంక్షలు పెరుగుతున్నాయని, బ్లేడు లేని జేబు పనిముట్టు తయారీలో ఉన్నామని ప్రకటించింది. బ్లేడు లేకపోతే అదేం చాకని అభిమానులు ఎగతాళి చేశారు. కానీ 1890లో సైన్యం అడిగిన నాలుగింటిలో మూడు బ్లేడ్లు కావు. ఆ మూడూ లేకపోతే ఈ చాకు పుట్టాల్సిన అవసరమే ఉండేది కాదు.