క్షయ కాని క్షయ

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం అనగానే మనకు టీబీయే గుర్తొస్తుంది. అక్కడి డానిష్ డాక్టర్ ఫ్రిమోట్-మోలర్, బార్టన్‌తో కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసింది మాత్రం టీబీ కాని జబ్బు గురించి. దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చుక్కలు. చూస్తే క్షయే. కానీ కఫంలో క్షయ క్రిములు లేవు, రక్తంలో ఇసినోఫిల్ కణాలు మాత్రం విపరీతం.

టీబీకి సరైన మందే లేని రోజులవి. ఆ ముద్ర పడితే ఇంట్లో కంచం, మంచం కూడా వేరు. టీబీ ఆసుపత్రే ‘ఇది టీబీ కాదేమో’ అనడం నాకైతే చిన్న విషయంగా తోచదు.

1943లో వైన్‌గార్టెన్ దీన్ని ‘ట్రాపికల్ ఇసినోఫీలియా’ అన్నాడు. అసలు దోషి బోదకాలు పురుగని తేలడానికి ఇంకా ఏళ్లు పట్టింది. దాని పిల్లపురుగులు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుని చస్తాయి, అందుకే రాత్రి తీసిన రక్తంలోనూ సాధారణంగా దొరకవు. ఇప్పుడు డైఇథైల్‌కార్బమజిన్ మూడు వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. కాకపోతే రాత్రిళ్లు ఆయాసపడేవాణ్ని ఉబ్బసం అనుకుని పంపేసేముందు, ఒక రక్తపరీక్ష రాయాలని ఎవరికైనా తట్టాలి.