రెండవ విద్య: లెక్కలతో కలిసిన జీవశాస్త్రము

"రెంటికి చెడ్డ రేవడి" అను సామెతను మన పెద్దలు తరచుగా వాడుదురు. జీవశాస్త్రమునందును, గణితమునందును సమానమైన ఆసక్తిగల విద్యార్థికి ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినబడక తప్పదు. మన ఇంటర్మీడియట్ కళాశాలలలో లెక్కలవారికి ఎం.పి.సి., జీవశాస్త్రమువారికి బై.పి.సి. అను రెండు దారులు చిరకాలముగా ఉన్నవి. అందువలన చిన్న వయసుననే ఒక ఇష్టమును వదలుకొనవలసిన పరిస్థితి ఎందరికో కలిగినది. కాని నేడు విశ్వవిద్యాలయములలో కొందరు తమ ప్రధాన విషయముతోపాటు గణన జీవశాస్త్రమును రెండవ ప్రధాన విషయముగా చదువుచున్నారు. ప్రాణులను గూర్చిన ప్రశ్నలకు గణితము, కంప్యూటరుల సాయముతో జవాబు వెదకుటయే గణన జీవశాస్త్రము. ఇది ఎట్లు పుట్టినదో చూచినచో, ఆ సామెతకు భయపడవలెనో లేదో మనకే తెలియును.

మన శరీరములోని మాంసకృత్తులు అమైనో ఆమ్లముల గొలుసులు. గొలుసులో ఏ ఆమ్లము తరువాత ఏది ఉన్నదో మొదట కనుగొన్నది ఇంగ్లండు దేశపు ఫ్రెడరిక్ సాంగర్. ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లముల వరుసను తేల్చినందుకు ఆయనకు 1958లో నోబెల్ బహుమానము లభించినది. పొడవైన గొలుసును ఒక్కసారిగా చదువుట ఆనాడు సాధ్యము కాదు. దానిని అనేక విధములుగా ముక్కలు చేసి, ముక్కలను చదివి, తిరిగి అతుకవలెను.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక ముక్కలో గ్లైసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ ఉన్నవి. మరియొక ముక్కలో ఐసోల్యూసిన్, వాలిన్, గ్లుటామిక్ ఆమ్లము ఉన్నవి. రెండింటిలోను "ఐసోల్యూసిన్, వాలిన్" అను జంట ఉన్నందున, అక్కడ ఒకదానిపై ఒకటి ఉంచి నాలుగింటి వరుసను వ్రాయవచ్చును. కాని ఒక్క వాలిన్‌ను మాత్రమే చూచి అతికినచో పొరపాటు జరుగవచ్చును. ఏలయన ఎద్దు ఇన్సులిన్‌లోని 21 ఆమ్లముల గొలుసునందు వాలిన్ మూడవ స్థానములోను, పదవ స్థానములోను కూడ ఉన్నది. ముక్కలు పెరిగినకొలది ఇట్టి చిక్కులు పెరుగును. ముక్కలను సిద్ధము చేయుట రసాయన శాస్త్రజ్ఞుని పని. అతుకుట మాత్రము తర్కమునకు, లెక్కకు సంబంధించిన పని. దీనిని గుర్తించుటకు రెండు విద్యలును తెలిసినవారు కావలసి వచ్చినారు.

అట్టివారిలో ఒకరు అమెరికా దేశీయుడు రాబర్ట్ లెడ్లీ. ఆయన మనసు భౌతికశాస్త్రముపై ఉండగా, ఇంటివారు దంతవైద్యము చదువుమని పట్టుపట్టినారు. ఆయన దేనిని విడువలేదు. న్యూయార్కు విశ్వవిద్యాలయములో దంతవైద్యము చదువుచు, కొలంబియా విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర పాఠములు విన్నారు. 1948లో దంతవైద్య పట్టమును, ఆపై భౌతికశాస్త్రములో ఎం.ఏ.ను పొందినారు. తరువాత అమెరికా ప్రమాణముల సంస్థలో దంతముల సమస్యలపై పనిచేయుచు, అచ్చటి సియాక్ అను కంప్యూటరును వాడుట నేర్చినారు. 1960లో జీవవైద్య పరిశోధనకై ఒక సంస్థను స్థాపించినారు.

ఆ సంస్థలో చేరిన మార్గరెట్ డేహాఫ్ గణితములో పట్టభద్రురాలు. 1948లో కొలంబియాలో రసాయనశాస్త్రమునందు డాక్టరేటు పొందినారు. వ్యాపార సంస్థలు జమాఖర్చులకు వాడు చిల్లుల కార్డుల యంత్రములతో ఆమె అణువుల శక్తిని లెక్కించినారు. 1962లో లెడ్లీ, డేహాఫ్ కలిసి, మాంసకృత్తుల ముక్కలను అతుకుటకు తోడ్పడు "కాంప్రొటీన్" అను ప్రోగ్రామును ఐ.బి.ఎం. 7090 యంత్రమునకై వ్రాసి ప్రకటించినారు.

1965లో డేహాఫ్ తన సహచరులతో కలిసి, అప్పటికి తెలిసిన 65 మాంసకృత్తుల వరుసలను ఒక గ్రంథముగా అచ్చువేయించినారు. కార్డులపై చోటు కలిసివచ్చునట్లు ఒక్కొక్క అమైనో ఆమ్లమునకు ఒక్కొక్క అక్షరమును గుర్తుగా ఏర్పరచినారు. నేటి పాఠ్యగ్రంథములలోని ఒంటి అక్షరపు గుర్తులకు మూలము ఇదియే. 1966లో ఎక్, డేహాఫ్ కలిసి ఫెరెడాక్సిన్ అను చిన్న మాంసకృత్తు వరుసను పరిశీలించి, దాని రెండు సగములు ఒకదానినొకటి పోలియున్నవని చూపినారు. ఒక పొట్టి గొలుసు రెట్టింపు కాగా ఇది ఏర్పడినదని వారి నిర్ణయము. ఈ విధముగా వరుసలను పోల్చి పరిణామ చరిత్రను చదువు మార్గము తెరువబడినది.

ఈ దారి సుగమముగా సాగలేదు. ఇతరులు కనుగొన్న వరుసలను పోగుచేయుట స్వంత పరిశోధన కాదని కొందరు జీవరసాయన శాస్త్రజ్ఞులు తలచినారు. రెండు విద్యలవానిని ఒక్కొక్కసారి ఏ ఇంటివారును తమవానిగా ఎంచరు. సామెతలోని భయము పూర్తిగా అబద్ధము కాదు. అయినను డేహాఫ్ ఆ పనిని 1983లో మరణించువరకు సాగించినారు. ఆమె సేకరణనుండి పెరిగిన నిధి 2002లో యూనిప్రాట్ అను అంతర్జాతీయ భాండారములో కలిసినది. నేడు ప్రపంచమంతటి పరిశోధకులు దానిని వాడుచున్నారు.

ఇట్టి ఉదాహరణము మన ఇంటిలోను కలదు. 1920లో తెలుగు కుటుంబమున జన్మించిన సి. ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితమును, కలకత్తాలో గణాంకశాస్త్రమును చదివినారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లి, సూడాను దేశములోని జెబెల్ మోయాలో దొరికిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను విశ్లేషించినారు. మనుష్య సమూహముల పోలికలను, భేదములను గణితముతో కొలుచు పద్ధతులను పెంపొందించినారు.

ఈ ముగ్గురి చరిత్రలో ఒక విషయము గమనింపదగినది. వీరెవ్వరును రెండవ విద్యను అలంకారముగా ధరింపలేదు. ఒక శాస్త్రములోని చిక్కును మరియొక శాస్త్రపు పనిముట్టుతో విప్పినారు. కావున గణన జీవశాస్త్రమును రెండవ విషయముగా ఎన్నుకొను విద్యార్థి ప్రోగ్రాములు వ్రాయుటతోనే తృప్తిపడరాదు. తన లెక్కలోనికి వచ్చు ముక్కలు ప్రయోగశాలలో ఎట్లు పుట్టినవో తెలిసికొనవలెను. ఉపాధ్యాయులు ఇన్సులిన్ పాఠము చెప్పునపుడు కాగితపు ముక్కలపై అమైనో ఆమ్లముల పేర్లు వ్రాసి పిల్లలచేత అతికింపవచ్చును. లెక్కలలో చురుకైనవాడును, జీవశాస్త్రములో చురుకైనవాడును ఒకే బల్లకడ కూర్చుండి ఆ పని చేసినచో, ఈ శాస్త్రము ఎక్కడ మొదలైనదో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.