స్వాహిలీ, ఐరిష్ భాషల పోలిక

స్వాహిలీ నైజర్-కాంగో కుటుంబంలో బంటూ శాఖకు, ఐరిష్ ఇండో-యూరోపియన్ కుటుంబంలో కెల్టిక్ శాఖకు చెందిన భాషలు. రెండింటికీ చుట్టరికం లేదు; పోలికలు నిర్మాణానికి సంబంధించినవే.

వ్యాకరణం: రెండింటిలోనూ మార్పు తరచుగా పదం మొదట్లో కనిపిస్తుంది. స్వాహిలీ నామవాచకాలు తరగతులుగా ఉండి, ఎక్కువగా ఉపసర్గతోనే వచనాన్ని తెలుపుతాయి: కితాబు (పుస్తకం), వితాబు (పుస్తకాలు). ఐరిష్‌లో ముందున్న మాటను బట్టి తొలి హల్లు మారుతుంది: బాడ్ (పడవ), మో వాడ్ (నా పడవ). స్వాహిలీ వాక్యక్రమం కర్త, క్రియ, కర్మ. ఐరిష్‌లో క్రియే ముందు వస్తుంది. 'కలిగి ఉండు' అనే ప్రత్యేక క్రియ రెండింటిలోనూ లేదు. స్వాహిలీ 'నినా కితాబు'కు అక్షరార్థం 'నేను పుస్తకంతో'. ఐరిష్ 'తా ల్యౌర్ అగమ్' తెలుగు 'నా దగ్గర పుస్తకం ఉంది'కి దగ్గరగా ఉంటుంది.

పదజాలం, లిపి: 'కితాబు' అరబీ నుంచి, 'ల్యౌర్' లాటిన్ నుంచి వచ్చిన మాటలు. పూర్వం స్వాహిలీని అరబీ లిపిలో, తొలినాటి ఐరిష్‌ను ఓగమ్ లిపిలో రాసేవారు. నేడు రెండింటిదీ రోమన్ లిపే.

హోదా: స్వాహిలీ టాంజానియా, కెన్యాల అధికార భాష, మాట్లాడేవారిలో అత్యధికులకు రెండో భాష. ఐర్లండ్ 1937 రాజ్యాంగం ఐరిష్‌ను ప్రథమ అధికార భాషగా ప్రకటించింది. 2007లో అది ఐరోపా సమాఖ్య అధికార భాష అయింది.